బుడగ మధ్యలోనే ఉంది

నేను ఒక క్యారమ్ బోర్డుని. చదరంగం ఆడేవాణ్ణి చూసి జనం మేధావి అంటారు. పేకాడేవాణ్ణి చూసి కనీసం జాగ్రత్త పడతారు. క్యారమ్స్ ఆడేవాణ్ణి చూసి మాత్రం "పనేం లేదా నాయనా?" అని అడుగుతారు. నా జీవితమంతా పనేం లేనివాళ్ల మధ్యే గడిచింది కాబట్టి ఆ మాటకి నాకు కోపం రాదు. పనున్నవాళ్ల కంటే వాళ్లే నయమని నా అనుభవం.

వెల్లకిలా పడుకుని ఉంటాను కనక మనుషులు నాకు కిందినుంచి కనిపిస్తారు. ఎంత గొప్ప ఆఫీసరైనా నా లెక్కలో రెండు ముక్కు రంధ్రాలూ, సరిగ్గా గీసుకోని ఒక గడ్డమూ. వేళ్లు అలా కాదు, అవి నామీదే ఆనుతాయి. ముఖం దాచిపెట్టే సంగతులు వేళ్లు దాచలేవు.

రాజమండ్రిలో ఓ వడ్రంగి షెడ్డులో పుట్టాను. నన్ను చేసిన మేస్త్రీ పాలిష్ ఆరాక నా నడిబొడ్డున ఒక నీటిబొట్టు వేసి, పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. బీడీ అయిపోయింది గాని బొట్టు కదల్లేదు. "ఇది బోర్డంటే" అన్నాడు. పుట్టగానే అంత మెప్పు దక్కింది కాబట్టి నాకు కాస్త గర్వం ఉంటే తప్పు పట్టకండి.

అక్కణ్ణించి ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసువాళ్ల క్లబ్బుకి వెళ్లాను. సాయంత్రం ఆఫీసు వదలగానే గుమస్తాలూ ఇంజనీర్లూ వచ్చి నా చుట్టూ మూగేవారు. భీమశంకరం గారినీ, సత్తిరాజునీ నేను మొదట చూసింది అక్కడే. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. ఒకాయన ఇంజనీరయ్యాడు, రెండో ఆయన ఆ ఇంజనీరు కట్టబోయే కాలవలకి బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ అయ్యాడు. ఆఫీసు గడియారం అయిదు కొట్టేదాకా సత్తిరాజు ఆయన్ని "సార్" అనేవాడు. కొట్టిన మరుక్షణం "ఒరే" అనేవాడు. మధ్యలో గుటక మింగడానికి కూడా ఆగేవాడు కాదు.

ఆట మాత్రం సత్తిరాజుదే. స్కేలు లేకుండా కాగితం మీద గీత గీస్తే, స్కేలు తెచ్చి పెట్టి చూసినవాళ్లు సిగ్గుపడేవారట. ఆ చెయ్యి నామీద ఆనితే నాకు తెలిసేది. బరువు ఉండదు, బెరుకు ఉండదు. వేలు స్ట్రైకర్ని తాకిందో లేదో అనుకునేలోపు ఎర్రకాయ పాకెట్లో ఉండేది, దాని వెనకే దాన్ని దక్కించే కవరుకాయా పడేది. భీమశంకరం గారు ఎదురుగా కూర్చునే జోడీ. ఆయన ఆట యోగ్యత ఏమిటంటే, సత్తిరాజు జోడీ కావడం.

కొన్నాళ్లకి క్లబ్బు గదిలోకి కంప్యూటర్లు వచ్చాయి. నన్ను చెత్తలో వెయ్యబోతుంటే భీమశంకరం గారు ఇంటికి తెచ్చుకున్నారు. తెచ్చి, మరిచిపోయారు. ఆయన భార్య హైమవతి గారు మరిచిపోలేదు. ఆవిడ దృష్టిలో నేను అంచులున్న పెద్ద పళ్లాన్ని. ఏటా వేసవిలో డాబా మీద నన్ను పరిచి నామీద గుమ్మడి వడియాలు పెట్టేవారు. ఎర్రకాయ కూర్చునే చోట కూడా ఒక వడియం ఉండేది. మిగతా కాలమంతా అటక మీద పాత పరుపుల కింద నిద్ర.

హైమవతి గారు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి భర్త కంటే ముందే రిటైరయ్యారు. ఆవిడ రిటైర్మెంటు దివ్యంగా సాగుతుండేది. పొద్దున్నే రేడియో, తరవాత పత్రికలో గళ్లనుడికట్టు, మధ్యాహ్నం పిల్లితో కబుర్లు. ఆ పిల్లిని ఎవరూ పెంచలేదు. ఒకరోజు గోడ దూకి వచ్చి, ఇల్లంతా కలియదిరిగి, ఫరవాలేదనుకుని ఉండిపోయింది. పక్కనే నిలబడి కూడా పొరుగూరికి వినపడేట్టు అరుస్తుంది కనక ఆవిడ దానికి ట్రంకాలు అని పేరు పెట్టారు.

ఇంత చక్కని సంసారంలోకి భీమశంకరం గారు రిటైరై వచ్చారు. శాలువా, దండ, తనలాంటి ఇంజనీరు మళ్లీ పుట్టడన్న ఉపన్యాసం, అన్నీ వెంట తెచ్చుకున్నారు. ఉపన్యాసం నిజమని నమ్మడమే చిక్కు తెచ్చింది. వచ్చిన వారంలోనే వంటింటిని తనిఖీ చేసి, పప్పుల డబ్బాలు ఎత్తువారీగా ఉండాలని ఆదేశించారు.

"ఏవండీ, ఈ ఇంట్లో ముందు రిటైరైంది నేను. సీనియారిటీ నాది. మీరు పోయి వేరే ఏదైనా పని చూసుకోండి" అన్నారు హైమవతి గారు, గళ్లలోంచి తలెత్తకుండా.

చూసుకున్నారు. డాబా మీద తోట వేశారు. మడులకి వాలు లెక్కకట్టి బుల్లి కాలవలు కట్టారు. నీళ్లు ఆయన చెప్పిన చోటికల్లా బుద్ధిగా పారాయి. వంగమొక్కలకే ఆ బుద్ధి లేకపోయింది. తరవాత వేణువు కొన్నారు. ట్రంకాలు ఇల్లు వదిలి వెళ్లిపోయి, వేణువు బీరువాలోకి వెళ్లాకగాని తిరిగి రాలేదు. ఆఖరికి ఒకనాడు అటకెక్కి, పరుపులు తొలగించి, "హైమా, ఇదింకా ఉందే!" అని అరిచారు. వడియాలకి వేరే పళ్లెం వెతుక్కోవాలి కాబోలని ఆవిడ నిట్టూర్చారు.

అలా నాకు రెండో జీవితం వచ్చింది. వసారాలో మడత స్టాండు మీద నన్ను పెట్టి, పైన బల్బు వేలాడదీశారు. మధ్యాహ్నం నిద్రలయ్యాక నలుగురు చేరేవారు. భీమశంకరం గారికి ఎదురుగా జోడీ ఎప్పటిలాగే సత్తిరాజు. అటుపక్క రిటైరైన స్టేషన్ మాస్టరు జకరయ్య గారు, ఎవరు కాస్త ఆలస్యంగా వచ్చినా ఎంత లేటో గట్టిగా ప్రకటించేవారు. ఆయనకి జోడీ మీరా సాహెబు, టైలరింగ్ షాపు అల్లుడికి అప్పగించిన మనిషి, మితభాషి. ఆట లేనప్పుడు బల్బు కింది వెచ్చదనం కోసం ట్రంకాలు నా నడుమ చుట్టుకుని పడుకునేది. ఆట మొదలయ్యేటప్పుడు దాన్ని లేపడం ఓ తతంగం.

ఆ రోజుల్లో నేను నిజంగా సంతోషంగా ఉన్నాను. చుట్టూ ముసలి వేళ్లు, గోళ్లలో పౌడరు, లోపల్నించి టీ వాసన. అందులో సత్తిరాజు చెయ్యి ఇంకా ఆ పాత చెయ్యే. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. రోజు మొత్తంలో నలుగురిలో పడేది ఈ మధ్యాహ్నమే. అందుకే జకరయ్య గారికి ఎన్నడూ అతని లేటు ప్రకటించే అవకాశం దొరకలేదు.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ చెయ్యి నామీద వణికింది.

పైవాళ్లకెవరికీ కనపడనంత సన్నని వణుకు. ఎక్కడో దూరంగా రైలు వెళ్తుంటే గట్టుమీది గ్లాసులో నీళ్లు వణుకుతాయే, అంత. స్ట్రైకరు వెంట్రుకవాసి పక్కకి వెళ్లింది. కాయ పాకెట్ అంచు తగిలి వెనక్కి వచ్చింది. సత్తిరాజు చెయ్యి తీసి చూసుకున్నాడు. తరవాత దాన్ని లాల్చీ జేబులో పెట్టేసుకున్నాడు.

నాకు భయం వేసింది. చెప్పడానికి నోరు లేదు. ఉన్నా ఎవరికని చెప్పను?

మొదట అతను పౌడరు తడిసిందన్నాడు. మార్చారు. బల్బు వెలుతురు కళ్లలో పడుతోందన్నాడు. కాస్త పైకి కట్టారు. స్ట్రైకరు బరువు తగ్గిందన్నాడు, కొత్తది వచ్చింది. రోజురోజుకీ ఓటమి ఎక్కువైంది. చివరికి ఒక రోజు, చేతిలో కాయ లాంటి కాయ తప్పాక, నావైపు వేలు చూపించి అన్నాడు.

"ఒరే శంకరం, ఈ బోర్డు పడమటికి వాలిందిరా."

నామీద మాట పడితే పడింది, నేను ఓర్చుకున్నాను. భీమశంకరం గారు ఓర్చుకోలేకపోయారు. ఆ వసారా గచ్చు ఆయన దగ్గరుండి మట్టం చూసి చేయించుకున్నది. జీవితంలో ఆయన కట్టిన కాలవ ఏదీ ఎదురు పారలేదు. పైగా వరసగా ఓడిపోతున్న ఉక్రోషం ఒకటి ఉంది. లేచి లోపలికెళ్లి రసమట్టం తెచ్చారు. గాజుగొట్టంలో బుడగ తేలుతూ, పలక సమంగా ఉంటే రెండు గీతల మధ్య ఆగుతుందే, అది. మెత్తని ఉన్నిగుడ్డలో చుట్టి, దేవుడి విగ్రహం తెచ్చినంత భక్తిగా పట్టుకొచ్చారు.

నామీద నిలువుగా పెట్టారు. అడ్డంగా పెట్టారు. మూల నుంచి మూలకి పెట్టారు. జకరయ్య గారిని సాక్షిగా పిలిచి చూడమన్నారు. మీరా సాహెబుని కళ్లజోడు పెట్టుకుని మరీ చూడమన్నారు. ఆ తరవాత సత్తిరాజు ముందు పెట్టారు.

"చూడు. బుడగ ఎక్కడుందో నువ్వే చెప్పు."

సత్తిరాజు వంగి చూశాడు. "మధ్యలోనే ఉంది" అన్నాడు మెల్లిగా.

"వాలిందన్నావుగా? ఎటు వాలింది? చెప్పూ! ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే!"

జకరయ్య గారు పకపకా నవ్వారు. సత్తిరాజు కూడా నవ్వబోయాడు, రాలేదు. నా అంచుమీద ఆనించిన అతని చెయ్యి గట్టిగా వణికింది, అది తెలిసింది నాకొక్కదానికే. "పొయ్యిమీద పాలు పెట్టొచ్చానురా" అని లేచాడు. వేళ్లకంటిన పౌడరు దులుపుకోకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

భీమశంకరం గారు విజయోత్సాహంతో రసమట్టాన్ని గుడ్డలో చుట్టారు. నా పరువు నిలబెట్టినందుకు ఆయనకి నేను కృతజ్ఞత చెప్పుకోవాలి. కాని ఆ పూట మనుషుల మీద నాకు అసహ్యం వేసింది.

మర్నాడు సత్తిరాజు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. "నిరవధికంగా ఆలస్యం" అని జకరయ్య గారు ప్రకటించారు, ఎవరూ నవ్వలేదు. ఫోన్ చేస్తే నడుం నొప్పి అన్నాడు. మళ్లీ చేస్తే చెవిలో పోటు అన్నాడు. ముగ్గురితో ఆట సాగక హైమవతి గారిని కూర్చోబెట్టారు. ఆవిడ మొదటి కాయతోనే జకరయ్య గారి నోరు మూయించి, కందిపప్పు మాడుతోందని లేచి వెళ్లిపోయారు. ఖాళీ స్టూలు మీద ట్రంకాలు స్థిరపడింది. ఎదురుగా కూర్చున్న కొత్త జోడీ ఆవలిస్తుంటే, భీమశంకరం గారి స్ట్రైకరు ఎటో పోయేది.

"అలిగాడు. ఓడిపోతే అలగడం చిన్నప్పట్నించీ వాడికలవాటే" అన్నారాయన ఒక సాయంత్రం, పిల్లి ఉన్న స్టూలు వైపు చూస్తూ.

హైమవతి గారు వసారా గట్టుమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. "సత్తిరాజు గారు కొన్నాళ్లుగా టీ సగం గ్లాసే పొయ్యమంటున్నారు. ఎందుకో ఎప్పుడైనా అడిగారా?"

"షుగరేమో."

"షుగరున్నవాళ్లు చక్కెర తగ్గించమంటారు. ఆయన టీ తగ్గించమంటున్నారు. నిండుగా పోస్తే తొణికిపోతుంది కనక." ఆవిడ ఒక కాయ ఒలిచి పక్కన పెట్టారు. "ఆ మధ్య నేను గ్లాసు ఇస్తుంటే రెండు చేతులా పట్టుకున్నారండీ. జన్మంతా ఆ చెయ్యే అన్నం పెట్టింది ఆయనకి."



"మరి చెప్పొచ్చుగా నాతో!"

"చెప్పారుగా. బోర్డు వాలిందని చెప్పారు. మీరు రసమట్టం తెచ్చారు."

"బోర్డు సమంగానే ఉందే, హైమా!"

"ఉంటే ఉంది. వాలిందని ఒప్పుకుంటే మీ ఆనకట్ట కొట్టుకుపోయేదా?"

ఆయన లోపలికి వెళ్లారు, బయటికి వచ్చారు. క్షమించమని అడుగుదామా అంటే, ఎందుకో చెప్పాలి. చెబితే ఆ వణుకు పేరు పైకి అనాలి. అది అనకుండా ఉండాలనే కదా ఆ మనిషి ఇల్లు కదలకుండా కూర్చున్నది. ఇంత చిక్కు లెక్క ఆయనకి ఉద్యోగంలో ఎప్పుడూ తగల్లేదు. నాలుగు వైపులా నా అంచులు నిమురుతూ తిరిగారు. ఆ వేళ్లలో అంత దిగులు ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఒక చెక్కముక్క పట్టుకొచ్చారు. రసమట్టం నామీద పెట్టి, తూర్పువైపు కాలు కింద ఆ ముక్క దోపారు. బుడగ కొంచెం జరిగింది. ఇంకాస్త దోపారు. గీత దాటింది. ఆయనకి చెమట పట్టింది. మంచి కట్టడాన్ని చేతులారా వంకర చెయ్యడం ఆయనకి మొదటిసారి. పుట్టగానే నీటిబొట్టుని నిలబెట్టిన నాకూ మొదటిసారే. ఏమీ అనుకోకు అన్నట్టు నన్ను ఒకసారి తట్టి, వసారాలోంచే ఫోన్ చేశారు.

"ఒరే సత్తిరాజూ! నువ్వన్నదే నిజంరా. బోర్డు వాలింది."

అవతల్నించి ఏమన్నాడో గాని, ఆయన రసమట్టం వైపు చూశారు.

"బుడగా? ఆ బుడగ మాట నమ్మకు. రసమట్టమే చెడిపోయిందిరా. ఏనాడో చెడిపోయింది. నేనే చూసుకోలేదు."

లోపల గళ్లనుడికట్టు చేస్తున్న హైమవతి గారి పెన్సిలు ఆగింది. భీమశంకరం గారు కట్టుకున్న భార్యని ఏమైనా అన్నారు గాని, ఆ పనిముట్టుని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అది నిక్షేపంలా ఉంది. నాతోపాటు దానికీ మాట వచ్చింది ఆ పూట.

మధ్యాహ్నం సత్తిరాజు వచ్చాడు. లేటు ప్రకటించబోయిన జకరయ్య గారి కాలు మీరా సాహెబు స్టాండు కింద తొక్కారు. పిల్లిని దింపారు. ఆట మొదలైంది. ఆట అనడానికి నాకు నోరు రావడం లేదు. ఎవరు కొట్టినా కాయలు పడమటి మూలకి జారిపోయాయి. జకరయ్య గారు చేతికందే కాయ మూడుసార్లు కొట్టి, "ఆయ్, ఇదేం బోర్డండీ బాబూ!" అని నుదురు కొట్టుకున్నారు. మీరా సాహెబు ఎన్నడూ లేనిది, "బట్ట కట్టింగే తప్పింది" అన్నారు. భీమశంకరం గారు కొట్టిన స్ట్రైకరు కాయని వదిలి తనే పాకెట్లో పడింది. అందరూ తప్పుతున్నప్పుడు సత్తిరాజు తప్పు ఎవరికి కనపడుతుంది? కాసేపటికి అతని భుజాలు దిగాయి. చెయ్యి ఇంకా వణుకుతోంది, కాని ఇప్పుడు దాన్ని జేబులో పెట్టుకోవడం లేదు.

టీ తెస్తానని భీమశంకరం గారు లోపలికెళ్లారు. జకరయ్య గారూ మీరా సాహెబూ వాన వచ్చేట్టుందని మెట్లమీద నిలబడి మబ్బుని చూస్తున్నారు. అంతలో ట్రంకాలు తన వీపు గోక్కోవడానికి మరే చోటూ దొరకనట్టు నా తూర్పు కాలికి ఒళ్లు రాసింది. చెక్కముక్క పక్కకి జారింది. నేను టక్కున సమంగా నిలబడ్డాను. అంచుమీద పెట్టిన ఒక నల్లకాయ దొర్లి నేలమీద పడింది.

నా గుండె ఆగింది, గుండె ఉందని అనుకోండి. సమంగా ఉన్నందుకు నేను సిగ్గుపడ్డ క్షణం అదొక్కటే. ఇప్పుడు అతను కొడితే, తప్పేది అతనొక్కడే.

కాయ కోసం సత్తిరాజు కిందికి వంగాడు. వంగినవాడు లేవలేదు. చెక్కముక్క కనపడింది. కొత్తగా కోసింది, అంచు నున్నగా చెక్కింది, తనంతట వాలిన బోర్డుకీ చెడిన రసమట్టానికీ దానితో ఏ సంబంధమూ లేదు. గీతలు గీసి బతికిన కన్ను అది. మొత్తం చదువుకోవడానికి ఎంతోసేపు పట్టి ఉండదు. నా కాలిని పట్టుకున్న ఆ వేళ్లు వణికాయి, కాని ఈసారి జబ్బు వల్లో మరెందువల్లో నేను చెప్పలేను.

నెమ్మదిగా నా కాలు ఎత్తాడు. చెక్కముక్కని యథాస్థానంలో దోపాడు. జారకుండా అరచేత్తో రెండు దెబ్బలు వేసి, నల్లకాయ తీసుకుని పైకి లేచి స్టూలు మీద కూర్చున్నాడు. భీమశంకరం గారు టీ పళ్లెంతో వచ్చారు. నాలుగు గ్లాసుల్లోనూ టీ సగం సగమే ఉంది.

అందరూ చేరారు. కొట్టే వంతు జకరయ్య గారిది. గురిచూసి, ఊపిరి బిగబట్టి కొట్టారు. తెల్లకాయ తూర్పు పాకెట్ దాకా వెళ్లి, మనసు మార్చుకుని పడమటికి జారింది.

"చెప్పానుగా, బోర్డు వాలిందని" అన్నాడు సత్తిరాజు.

"చెప్పావురా. నేనే వినలేదు" అన్నారు భీమశంకరం గారు.